ఐసీయూ ఎంచుకోవాల్సి వస్తే: దగ్గరిదా, పెద్దదా, సర్కారుదా?

ఇంట్లో పెద్దాయనకు నాలుగు రోజుల జ్వరం తర్వాత బీపీ పడిపోతుంది. ఊళ్లో డాక్టరుగారు చూసి, "ఐసీయూ కావాలి, ఎక్కడికి తీసుకెళ్తారో మీరే చూసుకోండి" అని కాగితం రాసిచ్చేస్తారు. ఇక ఫోన్లు మొదలవుతాయి. బావగారు ఒక ఆస్పత్రి పేరు చెప్తారు, మేనమామ ఇంకోటి చెప్తారు, డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఆన్‌లైన్‌లో రేటింగులు చూసి మూడోది అంటాడు. ఎన్ని వెంటిలేటర్లున్నాయి, ఎన్ని అంతస్తులు, రోజుకు ఎంత అవుతుంది అని అందరూ అడుగుతారు. రాత్రి రెండు గంటలకు ఆ మంచం దగ్గర ఎవరుంటారని మాత్రం ఎవరూ అడగరు.

పెద్దవాళ్ల ఐసీయూలో మనిషి బతికి బయటపడటం దేనిమీద ఆధారపడుతుందో యాభై ఏళ్లుగా లెక్కలు కడుతూనే ఉన్నారు. ఆ లెక్కలను బట్టి నా అభిప్రాయం ఇది: మొదటి కొన్ని గంటల్లో వైద్యం మొదలవడం, రాత్రిపూట మంచం పక్కన చాలినంతమంది శిక్షణ ఉన్న మనుషులు ఉండటం, ఆ వైద్యం మధ్యలో తెగకుండా సాగడం. బిల్డింగు, మిషన్ల సంఖ్య, పేరు వీటి తర్వాతే. ఇక్కడ రాసింది పెద్దవాళ్ల గురించి మాత్రమే, పసిపిల్లల ఐసీయూ లెక్క వేరు.

మన చేతిలో లేనివి

వయసు, ముందు నుంచీ ఉన్న షుగర్, కిడ్నీ, లివర్ జబ్బులు, ఆస్పత్రికి చేరేసరికి ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి అన్నది. వీటిని ఏ ఆస్పత్రీ మార్చలేదు. డాక్టర్లు వీటిని అంకెల్లోకి మార్చి చూస్తారు. 1985లో వచ్చిన అపాచీ-2 స్కోరులో బీపీ, జ్వరం, ఆక్సిజన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లాంటి 12 కొలతలు, వయసు, పాత జబ్బులు కలిపి 0 నుంచి 71 దాకా మార్కులు వేస్తారు. మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 1996లో వచ్చిన సోఫా స్కోరు ఊపిరితిత్తులు, గుండె-బీపీ, కిడ్నీలు, లివర్, మెదడు, ప్లేట్‌లెట్లు అనే ఆరింటికీ విడివిడిగా 0 నుంచి 4 వేస్తుంది. "ఫిఫ్టీ ఫిఫ్టీ అండీ, 48 గంటలు గడిస్తేగానీ చెప్పలేం" అని బయటికొచ్చి చెప్పే మాట వెనుక ఇలాంటి లెక్కే ఉంటుంది. "మా నాన్నగారి సోఫా స్కోరు నిన్న ఎంత, ఇవాళ ఎంత?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది. తగ్గుతోందా పెరుగుతోందా అన్న ఒక్క ముక్క, అరగంట కౌన్సెలింగ్ కంటే ఎక్కువ చెప్తుంది.

వయసుతో పాటు చూడాల్సింది ఇంకోటుంది. జబ్బు చేయకముందు ఆ మనిషి ఎలా ఉన్నారు? తన స్నానం తాను చేసేవారా, వీధి చివరి కొట్టు దాకా నడిచి వెళ్లేవారా, లేక ఏడాదిగా మంచానికే పరిమితమయ్యారా? 80 దాటినవాళ్ల మీద యూరప్ ఐసీయూల్లో చేసిన అధ్యయనాల్లో ఈ ఒంటి బలహీనత ఎంతుంటే నెలలోపు చనిపోయే ప్రమాదం అంత పెరిగినట్టు తేలింది. అడ్మిషన్ అప్పుడు ఈ సంగతి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. బాగా చూడరేమోనన్న భయంతో "నిన్నటిదాకా గుండ్రాయిలా ఉన్నారండీ" అంటే నష్టం రోగికే.

ఇందువల్లే రెండు ఆస్పత్రుల సక్సెస్ రేటును పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గిన డెంగీ జ్వరాన్ని ఐసీయూలో పెట్టుకుని నాలుగో రోజు ఇంటికి పంపే చోట నూటికి తొంభై ఎనిమిది మంది బతుకుతారు, బతకాలి కూడా. మూడు చోట్ల తిరిగి, డబ్బులన్నీ అయిపోయి, కిడ్నీలు ఆగిపోయాక చివరికి చేరే ప్రభుత్వ పెద్దాస్పత్రిలో చావులు ఎక్కువే కనిపిస్తాయి. రోగులు ఒకటి కానప్పుడు పోలిక ఎక్కడిది? మొత్తం మీద ఒక అంచనా కావాలంటే, దేశవ్యాప్తంగా 120 ఐసీయూల వివరాలతో 2016లో అచ్చయిన అధ్యయనంలో మరణాలు సుమారు 18 శాతం. ఎవరైనా మీకు 99 శాతం అని బ్రోచరు చూపిస్తే, వాళ్లు ఎలాంటి కేసుల్ని చేర్చుకుంటారో ముందు అడగండి.

మొదటి గంటలు: దగ్గరిదే గెలుస్తుంది, కానీ అన్నిటికీ కాదు

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ పొరపాటు పడతారు. "ఇక్కడ చూపిస్తే టైం వేస్టు, నేరుగా హైదరాబాద్ పోదాం" అని బండెక్కుతారు.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోయే స్థితిని సెప్టిక్ షాక్ అంటారు. అమెరికా, కెనడా ఆస్పత్రుల్లోని ఇలాంటి రోగుల మీద 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, బీపీ పడిపోయిన మొదటి గంటలో సరైన యాంటీబయాటిక్ పడినవాళ్లలో దాదాపు 80 శాతం మంది బతికారు. ఆ తర్వాత మొదటి ఆరు గంటల్లో ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున పడిపోయింది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీయడం) మీద ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా షాక్‌లో ఉన్నవాళ్లకు గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వమంటాయి. ఒంగోలు నుంచి హైదరాబాద్‌కు కారులో ఎన్ని గంటలో మీకు తెలుసు. ఆ దారి పొడవునా ఒక్క మందు చుక్క పడకపోతే, ఆ తర్వాత ఎంత గొప్ప ఐసీయూలో చేర్చినా పోయిన గంటలు తిరిగి రావు. కాబట్టి ఉన్న ఊళ్లోనే బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు, రక్తం తీయించి, మొదటి డోసు యాంటీబయాటిక్, సెలైన్ పెట్టించి, ఆపైన బయల్దేరండి. కల్చర్ తీసే వీలు లేకపోతే దానికోసం మందు ఆపొద్దు.

పాముకాటుకు ఇది మరీ వర్తిస్తుంది. విషానికి విరుగుడు ఇంజెక్షన్ చాలా పీహెచ్‌సీలు, ఏరియా ఆస్పత్రుల్లో ఉంటుంది. ముందు అక్కడ అది ఎక్కించుకోవాలి, తర్వాత వెంటిలేటర్ ఉన్న చోటికి వెళ్లాలి. కట్లపాము కాటుకు రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి, ఊపిరి ఆగిపోతుంది. అలాంటివాళ్లకు కొన్ని రోజులు వెంటిలేటర్ తోడుంటే లేచి నడిచి ఇంటికి వెళ్తారు. ఐసీయూలో నిజంగా ఆనందం కలిగించే కేసులివి.

గుండెపోటు లెక్క వేరు. స్టెంట్ వేసే చోటికి చేరి రక్తనాళం తెరిపించడం రెండు గంటల్లోపు అయ్యేట్టుంటే నేరుగా అక్కడికే వెళ్లాలి. అవ్వదంటే దగ్గర్లోనే గడ్డను కరిగించే ఇంజెక్షన్ చేయించుకుని వెళ్లాలి. పక్షవాతానికి గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి సీటీ స్కాన్ తప్పనిసరి కాబట్టి స్కాన్ లేని చోట ఆగితే లాభం లేదు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలితే న్యూరోసర్జన్ ఉన్న చోటికే పోవాలి. నర్సింగ్ హోంలో ఒక రాత్రి అబ్జర్వేషన్ అంటే నేను వద్దంటాను.

పురుగుల మందు కేసుల్లో మందు డబ్బా వెంట తీసుకెళ్లడం మర్చిపోకండి. ఎక్కువగా కనిపించే ఆర్గానోఫాస్ఫేట్ మందులకు అట్రోపిన్ అనే విరుగుడు వెంటనే మొదలవ్వాలి, అది ఏరియా ఆస్పత్రిలోనూ అవుతుంది. అసలు కష్టం తర్వాత ఉంది. బాగానే ఉన్నాడనుకున్న మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో మెడ నిలవక, ఊపిరి కండరాలు పడిపోతాయి. అందుకని రెండోరోజు కళ్లు తెరిచి మాట్లాడాడని ఐసీయూ నుంచి తెచ్చేసుకోకూడదు. గడ్డిమందుల్లో పారాక్వాట్ అనేది అయితే విరుగుడే లేదు. ఎక్కడ చేర్చినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పే డాక్టరు దొరికితే ఆయన్ను నమ్మండి.

మూడు రకాల ఐసీయూలు

పట్టణంలోని నర్సింగ్ హోం ఐసీయూలో ఐదారు మంచాలు, రెండు మూడు వెంటిలేటర్లు ఉంటాయి. డాక్టరు తెలిసినవాడు, ఫోన్ చేస్తే పలుకుతాడు, ఖర్చు తక్కువ, ఇంట్లోవాళ్లు అన్నం తినొచ్చి కూర్చోవచ్చు. మొదటి ఆరు గంటలకు ఇది మంచి చోటు. డెంగీ, షుగర్ బాగా పెరిగి స్పృహ తప్పడం, ఆస్తమా, ఒక్క అవయవం మాత్రమే ఇబ్బంది పెడుతున్న న్యుమోనియా లాంటివి చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. చిక్కల్లా రెండో అవయవం దెబ్బతినగానే మొదలవుతుంది. డయాలసిస్ మిషన్ బయటి నుంచి రావాలి, రక్తంలో ఆక్సిజన్, ఆమ్లం చూపే ఏబీజీ రిపోర్టు పక్క ల్యాబ్ నుంచి రావాలి, రాత్రి డ్యూటీ డాక్టరు ఒక్కడే వార్డునూ ఐసీయూనూ చూడాలి.

ప్రభుత్వ బోధనాస్పత్రి, అంటే విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం లాంటివి. వీటిని మన మధ్యతరగతి చివరి మజిలీ అనుకుంటుంది. నేనలా అనుకోను. పాముకాటు, పురుగుల మందు, టెటనస్, ప్రసవం తర్వాత ప్రాణం మీదికొచ్చిన కేసులు రోజూ చూసే చేతులు ఎక్కడైనా ఉన్నాయంటే ఇక్కడే. అన్ని స్పెషాలిటీల డాక్టర్లూ ఒకే ప్రాంగణంలో ఉంటారు, రాత్రంతా పీజీలు (స్పెషలిస్టు చదువు చదువుతున్న డాక్టర్లు) మెలకువగా ఉంటారు. బెడ్ దొరకడం కష్టం, సిస్టర్లు తక్కువ, ఒకరి దగ్గరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఒక సిస్టర్ నాలుగైదు వెంటిలేటర్ మంచాలు చూస్తున్న చోట ఎంత మంచి ప్రొఫెసరున్నా చేయగలిగింది కొంతే. నిమ్స్, తిరుపతి స్విమ్స్, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు బోధనాస్పత్రులకూ కార్పొరేట్ ఆస్పత్రులకూ మధ్యలో పడతాయి: వసతులు మెరుగు, ఖర్చు కార్పొరేట్ కంటే తక్కువ, మంచం ఖాళీ ఉండటం మాత్రం అదృష్టం. బయల్దేరేముందు ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కోకుండా వెళ్లొద్దు.

కార్పొరేట్ ఆస్పత్రుల్లో 24 గంటల ఇంటెన్సివిస్టు (ఐసీయూ వైద్యంలో శిక్షణ ఉన్న డాక్టరు), మంచం దగ్గరే చేసే డయాలసిస్, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే ఎక్మో మిషన్, అర్ధరాత్రి సీటీ అన్నీ ఉంటాయి. మూడు నాలుగు అవయవాలు ఒకేసారి దెబ్బతిన్నప్పుడు, మార్పిడి కాలేయమో కిడ్నీయో ఉన్నవాళ్లకు, ఊపిరితిత్తులు పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఇదే సరైన చోటు. కానీ ఒకే బోర్డు కింద నడిచే బ్రాంచీలన్నీ ఒకలా ఉండవు. హైదరాబాద్ మెయిన్ బ్రాంచిలో ఉన్న టీం జిల్లా కేంద్రం బ్రాంచిలో ఉంటుందనుకోకండి. మీరు ఎంచుకోవాల్సింది పేరును చూసి కాదు, ఆ ఐసీయూను చూసి.

రాత్రి రెండు గంటలకు

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి తీసుకోలేని రోగులు వందల్లో వచ్చారు, మిషన్లు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో రంధ్రం చేసి గొట్టం పెట్టి, చేత్తో బ్యాగు నొక్కుతూ గాలి పంపమన్నాడు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని రాత్రింబవళ్లు నొక్కారు. అంతకుముందు ఇలాంటి రోగుల్లో నూటికి ఎనభైకి పైగా చనిపోతుంటే, అది సగానికి పడిపోయింది. ఐసీయూ అనేదే అక్కడ పుట్టిందని చెప్తారు. అంటే మొట్టమొదటి ఐసీయూలో వెంటిలేటర్ ఒక మనిషి.

ఇప్పటికీ అంతే. వెంటిలేటర్ మీద ఉన్న రోగి మంచం దగ్గర ఒక రాత్రి చూడండి. కఫం అడ్డుపడి అలారం మోగుతుంది. సిస్టర్ వచ్చి గ్లవ్స్ వేసుకుని సక్షన్ చేయాలి, ఊపిరి గొట్టం 22 సెంటీమీటర్ల గుర్తు దగ్గరే ఉందా, జారిందా అని పెదవి దగ్గర గుర్తు చూడాలి. తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందో లేదో చూడాలి, లేకపోతే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి కొత్త న్యుమోనియా వస్తుంది. బీపీ మందు పంపు ఖాళీ అయ్యేముందే రెండో సిరంజి ఎక్కించాలి, ఎందుకంటే మధ్యలో రెండు నిమిషాల ఖాళీ వచ్చినా బీపీ జారిపోతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, గంటగంటకూ మూత్రం ఎంత వచ్చిందో రాయాలి. ఇదంతా ఒక్క రోగికి. అందుకే మన దేశంలోని క్రిటికల్ కేర్ డాక్టర్ల సంఘం వెంటిలేటర్ రోగికి ఒక సిస్టర్, మిగతావాళ్లకు ఇద్దరికి ఒకరు ఉండాలంటుంది. యూరప్‌లో తొమ్మిది దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న రోగుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, ఒక్కో నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. అది మామూలు వార్డుల లెక్క. ఐసీయూలో పని ఇంకెంత సున్నితమో వేరే చెప్పక్కర్లేదు.

డాక్టర్ల సంగతి చూస్తే, ఐసీయూలు రెండు పద్ధతుల్లో నడుస్తాయి. క్లోజ్డ్ ఐసీయూలో ఇంటెన్సివిస్టే బాధ్యుడు, మిగతా స్పెషలిస్టులు వచ్చి సలహా చెప్పి వెళ్తారు. ఓపెన్ ఐసీయూలో అడ్మిట్ చేసిన డాక్టరే రోజుకు రెండుసార్లు వచ్చి చూసిపోతాడు, మధ్యలో అంతా ఫోన్ మీదే. 2002లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఇంటెన్సివిస్టు పూర్తి బాధ్యత తీసుకున్న లేదా తప్పనిసరిగా చూసిన ఐసీయూల్లో ఆస్పత్రి మరణాలు సుమారు 30 శాతం తక్కువగా తేలాయి. ఎంపికకు ఒక్క ప్రశ్నే మిగిలితే నేను అడిగేది ఇదే: "మా పేషెంటుకు రాత్రి బీపీ పడితే నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఆయన ఎక్కడుంటారు?" "సార్ ఫోన్‌లో అందుబాటులో ఉంటారు" అంటే అది ఓపెన్ అని అర్థం చేసుకోవచ్చు. తెర మీద దూరం నుంచి చూసే టెలీ ఐసీయూ గొప్పగా చెప్పుకునే చోట్లా అంతే. బ్రెజిల్‌లో 30 ఐసీయూల్లో దాన్ని పరీక్షించి చూస్తే, 2024లో వచ్చిన ఫలితాల్లో రోగులు ఐసీయూలో ఉండే రోజులు తగ్గలేదు. తెర అవతల ఎంత నిపుణుడున్నా, ఇవతల చేసేవాళ్లు కావాలి.

అనుభవం కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 37 ఆస్పత్రుల్లో వెంటిలేటర్ రోగులను పోల్చిన 2006 అధ్యయనంలో, ఎక్కువ కేసులు చూసే చోట బతికే అవకాశాలు స్పష్టంగా మెరుగ్గా కనిపించాయి. "నెలకు ఎంతమందిని వెంటిలేటర్ మీద పెడతారు?" అని అడగడం అమర్యాద ఏమీ కాదు.

మనుషులుంటే చాలదు, వాళ్లు చేసే పని కూడా సరైనదవ్వాలి. ఊపిరితిత్తులు గట్టిపడిన రోగికి వెంటిలేటర్ పెద్ద గుక్కలు పంపితే హాని. 2000లో 861 మందితో చేసిన ప్రయోగంలో ఎత్తును బట్టి వేసిన బరువుకు కిలోకు 6 మిల్లీలీటర్ల చిన్న గుక్కలు ఇస్తే చావులు 31 శాతం, 12 మిల్లీలీటర్లు ఇస్తే 39.8 శాతం. ఇది వెంటిలేటర్ మీద ఒక నాబ్ తిప్పడం, పైసా ఖర్చు లేదు. అదే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను రోజుకు 16 గంటలు బోర్లా పడుకోబెడితే, 2013 నాటి ఫ్రెంచ్ ప్రయోగంలో 28 రోజుల చావులు 32.8 నుంచి 16 శాతానికి తగ్గాయి. గొట్టాలు, లైన్లు ఊడకుండా మనిషిని బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు కావాలి. రాత్రి షిఫ్టులో అంతమంది లేని చోట బోర్లా తిప్పడం జరగదు. "ఊపిరితిత్తులు పాడైతే ప్రోన్ చేస్తారా (బోర్లా తిప్పుతారా)?" అని అడగండి, చెప్పే తీరులోనే మీకు తెలిసిపోతుంది.

మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి లైన్, అంటే మందులెక్కించే గొట్టం, వేసేటప్పుడు చేతులు కడుక్కోవడం, ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, తొడ దగ్గర వేయకుండా వీలైనంత తప్పించడం, అక్కర్లేని లైన్ తీసేయడం. ఈ ఐదు పనుల జాబితా పెట్టుకుని అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐసీయూలు రక్తంలోకి పాకే లైన్ ఇన్ఫెక్షన్లను 66 శాతం దాకా తగ్గించుకున్నాయి. విజిటింగ్ టైంలో లోపలికి వెళ్లినప్పుడు మీరు చూడాల్సింది టీవీ తెరలు కాదు. సిస్టర్ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్తూ చేతులకు శానిటైజర్ రాసుకుంటోందా? మంచం తల ఎత్తి ఉందా? చార్టులో గంటగంటకూ అంకెలున్నాయా, లేక ఒకేసారి కూర్చుని ఒకే పెన్నుతో నింపినట్టున్నాయా? రోజుకోసారి మత్తు ఆపి లేపి చూస్తున్నారా? ఈ చివరిదాని గురించి గట్టిగా అడగండి. మత్తు ఆపి, అదే పూట వెంటిలేటర్ లేకుండా ఊపిరి తీసుకోగలరేమో పరీక్షించడం కలిపి చేస్తే ఏడాది తర్వాత బతికున్నవాళ్ల సంఖ్య పెరిగిందని 2008లో తేలింది.

తెచ్చిపెట్టమనే మందులు

ఆల్బుమిన్ సీసాల కోసం ఊరంతా తిరిగిన కుటుంబాలు మన దగ్గర కోకొల్లలు. 2004లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దాదాపు 7000 మంది ఐసీయూ రోగుల మీద ఆల్బుమిన్‌నూ మామూలు సెలైన్‌నూ పోల్చి చూస్తే 28 రోజుల చావుల్లో తేడా రాలేదు. లివర్ చెడిపోయి పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు లాంటి కొన్ని సందర్భాల్లో దాని అవసరం నిజమే. సెప్సిస్‌కు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వడాన్ని మార్గదర్శకాలే వద్దంటున్నాయి. రక్తస్రావం లేని డెంగీలో ప్లేట్‌లెట్లు 20 వేలకు పడినా ముందుజాగ్రత్తగా ఎక్కించడం వల్ల రక్తస్రావం ఆగలేదని 2017లో తేలింది. "ఇది ఇవ్వకపోతే ఏమవుతుంది?" అని నెమ్మదిగా అడిగితే సగం చీటీలు తగ్గుతాయి. డయాలసిస్ రేపు చేద్దాం అన్న డాక్టరును మాత్రం నిర్లక్ష్యం చేశాడని తిట్టకండి. ప్రాణాపాయ లక్షణాలు లేనప్పుడు తొందరపడి మొదలుపెడితే ఎక్కువమంది బతుకుతారని 2020లో 15 దేశాల ప్రయోగంలో రుజువు కాలేదు.

మార్చాలా, ఉంచాలా

మధ్యలో ఆస్పత్రి మార్చడం ఒక వైద్యం లాంటిదే, దానికి లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఇక్కడ లేనిది అక్కడ ఏముందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే మార్చండి: డయాలసిస్ లేదు, న్యూరోసర్జన్ లేడు, వెంటిలేటర్ మీద ఆక్సిజన్ అందడం లేదు, ప్రోన్ చేయలేరు. "ఇంకా బాగా చూస్తారేమో" అన్నది కారణం కాదు. మార్చేటట్టయితే రెండో అవయవం దెబ్బతినడం మొదలైనప్పుడే కదలండి. బీపీ మందులు మూడు నడుస్తూ, ఆక్సిజన్ నూటికి నూరు శాతం పెట్టాక కదిలిస్తే దారిలోనే పోయే ప్రమాదం ఉంది.

అంబులెన్సులో వెంటిలేటర్, మానిటర్, సిరంజి పంపు, వాటిని నడపగలిగిన మనిషి ఉండాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108లోనూ అడ్వాన్స్‌డ్ బళ్లు వేరు, మామూలు బళ్లు వేరు. ఫోన్ చేసినప్పుడే రోగి వెంటిలేటర్ మీదున్నాడని చెప్పండి. చేర్చుకునే ఐసీయూ డాక్టరు పంపే డాక్టరుతో నేరుగా మాట్లాడాకే రోగిని బయటికి తీయాలి. కేస్ షీట్ జిరాక్సు, ఎక్స్‌రేలు, ఏ యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు ఇచ్చారన్న కాగితం, కల్చర్ పంపిన ల్యాబ్ పేరు మీ చేతిలో ఉండాలి. కల్చర్ రిపోర్టు రెండు మూడు రోజుల తర్వాత పాత ఆస్పత్రికి వస్తుంది, అక్కడే ఉండిపోతుంది. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో అందులో ఉంటుంది, కాబట్టి దాన్ని వెంటపడి తెచ్చుకోండి.

డబ్బు కూడా బతుకును నిర్ణయించే అంశమే

ఎవరూ రాయని మాట ఇది. వెంటిలేటర్ మీద పెట్టిన రోగి వారం, పది రోజులు పట్టడం మామూలు. మూడు రోజులకు సరిపడా డబ్బుతో ఖరీదైన చోట చేర్చి, నాలుగోరోజు బిల్లు కట్టలేక సంతకం పెట్టి బయటికి తెచ్చుకుంటే, మొదటి మూడు రోజుల ఖర్చూ వృథా, రోగికి ప్రమాదం రెట్టింపు. కాబట్టి పోలిక రోజు రేటుతో చేయొద్దు. పది రోజులు, ఒక డయాలసిస్, మందులు, పరీక్షలు కలిపి అంచనా అడగండి. ఆ మొత్తం తలకు మించినదైతే మొదటి రోజే నిమ్స్‌కో బోధనాస్పత్రికో వెళ్లడం తెలివైన పని. ఆస్తులు అమ్మాక వెళ్లడం కంటే అదే నయం.

ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పరిమితి పెద్దదైనా జబ్బు జాబితాలో ఉండాలి, ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉండాలి. అడ్మిషన్ కౌంటరు కంటే ముందు ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లండి. ఒకసారి నగదు పేషెంటుగా చేరాక కార్డు మీదికి మార్చుకోవడం తలనొప్పి వ్యవహారం.

అసలు ఐసీయూ కావాలా

చివరి దశ క్యాన్సర్, ఏళ్ల తరబడి మంచం మీదున్న పక్షవాతం, తొంభై దాటి ఒళ్లు శిథిలమైన అమ్మమ్మ. వీళ్ల విషయంలో పై మూడు ఐసీయూలను పోల్చే ముందు నాలుగో దారి కూడా ఉందని గుర్తుంచుకోవాలి. 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ 24 మంది నిపుణులతో రాయించిన ఐసీయూ అడ్మిషన్ మార్గదర్శకాలు, రోగి గానీ దగ్గరివాళ్లు గానీ తెలిసి వద్దంటే ఐసీయూలో పెట్టకూడదని చెప్తున్నాయి. జబ్బు నయంకాని చివరి దశలో ఉండి, వైద్యం వల్ల ఫలితం లేదని డాక్టర్లు భావించినప్పుడు కూడా అంతే. చివరి దశలో ఫలానా వైద్యం వద్దని ముందే విల్లు (లివింగ్ విల్) రాసిపెట్టుకునే పద్ధతిని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023 జనవరిలో సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరగానీ గెజిటెడ్ ఆఫీసరు దగ్గరగానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు.

మన ఇళ్లలో ఇది చెప్పుకునే మాట కాదని తెలుసు. "చేయగలిగింది చేయలేదని రేపు నలుగురూ అంటారు" అన్న భయం పెద్దది. అన్నదమ్ముల్లో ఒకరు సరే అంటే ఇంకొకరు ఒప్పుకోరు. అలాంటప్పుడు ఉపయోగపడే మధ్యేమార్గం ఒకటుంది. ఐసీయూలో చేర్చేటప్పుడే డాక్టరుతో కూర్చుని ఒక గడువు పెట్టుకోండి: నాలుగైదు రోజులు పూర్తి వైద్యం చేద్దాం, ఫలానా రోజు మళ్లీ కూర్చుందాం, అప్పటికి బీపీ మందు తగ్గిందా, కిడ్నీలు తేరుకున్నాయా, మత్తు ఆపితే కళ్లు తెరిచారా చూద్దాం. ఈ మూడింటిలో ఏవి మెరుగైతే కొనసాగించాలో, ఏవీ కాకపోతే నొప్పి, ఆయాసం తెలియకుండా చూసే వైద్యానికి మారాలో అప్పుడే చెప్పించుకోండి. ఆ తేదీ, ఆ మూడు గుర్తులు కేస్ షీట్‌లో రాయించండి. ఇంట్లో వాదన వచ్చే అన్నదమ్ములిద్దరూ ఆ సమావేశంలో ఉండేట్టు చూడండి, దూరంలో ఉన్నవాళ్లను వీడియో కాల్‌లో కలపండి.